బొగ్గుల కొట్టుపై గానసభ

శ్రీరామనవమి వచ్చినచో మన ఊళ్ళలో పందిళ్ళు వేసి పాటకచేరీలు పెట్టింతురు. పెండ్లియింట సన్నాయియు, భజనమందిరమున తంబురయు మనకు క్రొత్త కావు. పాడువాడును వినువాడును ఒక్క చాపపై కూర్చుండిన చాలునని మన పెద్దలు తలంచిరి. అయినను తన ఇంట కచేరి పెట్టించువాడు కలిగినవాడై యుండవలెనని మాత్రము అందఱును అనుకొందురు. వచ్చినవారికి చోటు చూపవలెను, దీపములు పెట్టవలెను, వాద్యకారులకు మర్యాద జరుపవలెను. ఏనాటి సంపాదన ఆనాటికే చాలు పేదవానికి ఇది సాధ్యమగునా?

ఇంగ్లండు దేశమున పదునేడవ శతాబ్దిలో ఒక బొగ్గుల వ్యాపారి యుండెను. అతడు పగలెల్ల వీపున గోతము మోసికొని వీధివీధి తిరిగి బొగ్గు లమ్మెడివాడు. అట్టివాడు తన కొట్టుమీది గదిలో ముప్పదియాఱు సంవత్సరములు వారము వారము సంగీతసభలు జరిపించెను. అతని పేరు తామస్ బ్రిట్టన్.

బ్రిట్టన్ 1644వ సంవత్సరమున నార్తాంప్టన్‌షైరు సీమలోని రష్డెన్ అను పల్లెలో జన్మించెను. చిన్నతనముననే లండనుకు వచ్చి, క్లెర్కెన్‌వెల్ అను పేటలో ఒక బొగ్గుల వ్యాపారికడ పని నేర్చుకొనుటకు కుదిరెను. ఏడేండ్ల గడువు తీరిన పిమ్మట యజమాని అతనికి కొంత సొమ్మిచ్చి, తనకు పోటీగా కొట్టు పెట్టవలదని కోరెను. బ్రిట్టన్ ఆ సొమ్ము పుచ్చుకొని స్వగ్రామమునకు పోయెను; అది ఖర్చయిన వెనుక లండనుకు మరలి వచ్చి అదే పేటలో కొట్టు పెట్టెను! పాత యజమాని అప్పటికిని బ్రతికియే యుండెనట. ఇది న్యాయమా యని మీరు అడుగవచ్చును. అతని చరిత్ర వ్రాసినవారు ఈ సంగతిని దాచలేదు. మనమును దాచ నక్కఱలేదు.

అతడు అమ్మినవి పెద్ద బొగ్గులు కావు. సన్నని కొమ్మలను కాల్చి చేసిన చిన్న బొగ్గులు. పొయ్యి రాజబెట్టుటకు అవి ప్రతి ఇంటికిని కావలసియుండెను. నీలిరంగు పనిచొక్కా తొడిగికొని, చేత కొలతకుంచము పట్టుకొని, కేకవేయుచు అతడు తిరుగుచుండెను. ఈ వర్తకమున లాభము స్వల్పము. బట్టలకు, చేతులకు, ముఖమునకు అంటు మసి మాత్రము అధికము. మర్యాదస్థులు బొగ్గులవాడు ఎదురైన ప్రక్కకు తొలగి నడచు కాలమది.

క్లెర్కెన్‌వెల్ నేడు లండను మహానగరపు నడిబొడ్డున నున్నది. ఆ దినములలో అది నగరపు కోటగోడల కావల నున్న శివారు పేట. అచ్చట బ్రిట్టన్ ఒక గుఱ్ఱపుసాలను అద్దెకు తీసికొని దానిని ఇల్లుగా మార్చుకొనెను. క్రిందిభాగమున బొగ్గులు పోసికొనెను. పైభాగమున ఒక గది కలదు. అది పొడవుగా, ఇఱుకుగా నుండెను. కప్పు మిక్కిలి క్రిందుగా నుండెను. గదిలోనికి పోవుటకు ఇంటి వెలుపలినుండి నిచ్చెనవంటి మెట్లు కలవు. నెడ్ వార్డు అను హాస్యరచయిత బ్రిట్టనుకు ఇరుగుపొరుగువాడు. ఆ ఇల్లు సారాయిపీపాకంటె ఎంతో ఎత్తైనది కాదనియు, దాని కిటికీ పీపాకు పెట్టిన రంధ్రమును పోలియుండెననియు అతడు పరిహసించెను. హాస్యగాని మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును గాని, ఆ గది సుఖమైన చోటు కాదని అందఱును ఒప్పుకొనిరి.

ఇట్టి గదిలో సంగీతసభ ఏల పుట్టెనో తెలియుటకు నాటి ఇంగ్లండు స్థితి కొంత ఎఱుగవలెను. రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగిన కాలమున, 1642లో నాటకశాలలు మూతపడెను. తరువాత పెక్కు దేవాలయములలో ఆర్గను వాద్యములను తొలగించిరి. కొలువు పోయిన గాయకులు, వాద్యకారులు బ్రతుకుతెరువు లేక ఇండ్లలో పాఠములు చెప్పుకొని కాలము గడపిరి. 1660లో రాజు మరలి వచ్చిన పిమ్మట ఆస్థానమున సంగీతము మరల మ్రోగెను. కాని అది రాజుగారికొఱకు, ప్రభువులకొఱకు. సామాన్యుడు వినుట ఎట్లు? 1672లో జాన్ బానిస్టర్ అను ఫిడేలు విద్వాంసుడు తన ఇంట ఒక్కొక్కరికడ ఒక షిల్లింగు పుచ్చుకొని కచేరి చేయ నారంభించెను. రుసుము చెల్లించి ఎవరైనను పోయి వినదగిన సభలు లండనులో ఇట్లు మొదలయ్యెను. ఒక షిల్లింగు కూలివానికి తక్కువ సొమ్ము కాదు.

ఆఱేండ్లు గడచినవి. 1678లో బ్రిట్టన్ తన కొట్టుమీది గదిలో గురువారపు సభలను ప్రారంభించెను. అందులకు సర్ రోజర్ లెస్ట్రేంజ్ అను పెద్దమనిషి ప్రోత్సాహ మిచ్చెను. ముద్రింపబడు గ్రంథములను పరిశీలించి అనుమతి నిచ్చు అధికారిగా నుండిన ఈయనకు రాజకీయములలో శత్రువులు పెక్కుమంది. సంగీతమున మాత్రము ఆయనకు గొప్ప అభినివేశము కలదు. గాంబా అను పెద్ద తీగవాద్యమును చక్కగ వాయించెడివాడు. బ్రిట్టనుకును ఆ వాద్యమే ప్రియమైనది. మోకాళ్ళ నడుమ నిలిపి కమానుతో వాయించు ఈ వాద్యపు నాదము మృదువైనది. పెద్ద శాలలో దాని నాదము వెనుకవరుసకు అందదు. చిన్నగదిలో ప్రతి స్వరమును చెవిని పడును.

అచ్చట నుండిన తక్కిన వాద్యములును అట్టివే. బెల్జియము దేశములోని ఆంట్‌వెర్ప్ నగరమున రూకర్స్ వంశీయులు చేసిన విర్జినల్ ఒకటి యుండెను. దానిలో మీట నొక్కగానే పక్షి ఈక మొన తీగను మీటును. ఐదు విధముల నాదము పలుకు చిన్న ఆర్గను ఒకటి యుండెను. వీనిని కొనుటకు బ్రిట్టన్ ఎన్నియేండ్లు ఎన్ని గోతముల బొగ్గులు మోసెనో లెక్కకట్టినవారు లేరు. అచ్చుపడిన సంగీతపుస్తకములు ఖరీదైనవగుటచే, పెక్కు రచనలను స్వహస్తముతో చక్కని వ్రాతలో ఎత్తి వ్రాసికొనెను. పగలు గోతము మోసిన చేతులతో రాత్రి దీపముకడ స్వరములు వ్రాసికొనుట యెంతటి శ్రమయో ఊహింపుడు.

గురువారము వచ్చినచో ఆ సందులో వింత దృశ్యము కనబడెడిది. పల్లకులు, గుఱ్ఱపుబండ్లు బొగ్గులకొట్టు ముందు ఆగుచుండెను. పట్టువస్త్రములు ధరించిన దొరలును దొరసానులును ఆ నిటారు మెట్లను పట్టుకొని పైకెక్కుచుండిరి. వారిలో క్వీన్స్‌బెరీ ప్రభుపత్ని యొకతె. ఆన్ రాణి కొలువులోని చక్కదనపు రాశులలో ఆమె పేరెన్నిక గన్నది. అట్టి ఆమెకును, ప్రక్కవీధి పనివానికిని పైకి పోవుటకు మార్గ మొక్కటే. లోపల కప్పు ఎత్తు లేనందున పొడవైనవారు తల వంచికొనవలసినదే. క్రింద బొగ్గుల వాసన. పైన గాలి చాలని ఉక్క. అయినను వచ్చినవారు మరల వచ్చుచుండిరి. 1712లో లీడ్స్ నగరమునుండి వచ్చిన రాల్ఫ్ థోర్స్‌బీ అను పండితుడు ఈ సభకు పోయి, నగరములోనే ఇంత మంచి సంగీతము మఱొకచోట లేదను భావమును తన దినచర్యలో వ్రాసికొనెను. విదేశములనుండి వచ్చిన ప్రముఖులును వేడుకకై అచ్చటికి పోవుచుండిరని కూడ అతడు తెలిపెను.

ప్రవేశమునకు బ్రిట్టన్ రుసుము పుచ్చుకొనెనా లేదా యన్న విషయమున గ్రంథకర్తలకు ఏకాభిప్రాయము లేదు. మొదట ఉచితముగనే పెట్టెననియు, తరువాత ఏడాదికి పది షిల్లింగుల చందా ఏర్పఱచెననియు, గిన్నెడు కాఫీ ఒక పెన్నీకి ఇచ్చెననియు కొందఱు వ్రాసిరి. థోర్స్‌బీ మాత్రము 1712లోను అంతయు ఉచితమే యని వ్రాసెను. స్వయముగ పోయి విన్నవాని మాటకు ఎక్కువ విలువ నీయవలెనని తోచుచున్నది. ఒకవేళ చందా పుచ్చుకొనెనే యనుకొందము. ఏడాది పొడుగునకు పది షిల్లింగులనగా, బానిస్టర్ ఇంట పది దినములు వినుట కగు సొమ్ము. దానితో ధనవంతుడగుట కల్ల.

ఆ గదిలో వాయించినవారు సామాన్యులు కారు. జర్మనీనుండి వచ్చి లండనులో స్థిరపడిన పెపుష్ అను విద్వాంసుడు అచ్చట హార్ప్సికార్డు వాయించెడివాడు. 1710లో ఇరువదియైదేండ్ల ప్రాయమున లండనులో అడుగుపెట్టిన హాండెల్ కూడ ఆ సభలో పాల్గొనెనని సర్ జాన్ హాకిన్స్ 1776లో వెలువరించిన సంగీతచరిత్రలో వ్రాసెను. హాకిన్స్ పుట్టునప్పటికే బ్రిట్టన్ గతించియుండెను. పెద్దలు చెప్పగా విన్నదే అతడు వ్రాసెను.

హాకిన్స్ చెప్పిన సంగతులలో మీవంటి పిల్లలకు నచ్చునది మఱొకటి కలదు. మాథ్యూ డుబూర్గ్ అను బాలుడు సభలో మొట్టమొదట ఒంటరిగా ఫిడేలు వాయించినది బ్రిట్టన్ గదిలోనే. బాలుడు పొట్టివాడగుటచే అందఱికిని కనబడుటకై అతనిని ఒక పీటపై నిలువబెట్టిరి. ఎదుట చూచిన నేమున్నది? నగలు, పట్టుబట్టలు, పెద్ద పెద్ద విద్వాంసులు! బాలునికి భయముచే కాళ్ళు వడకెను. పీటమీదినుండి క్రింద పడవలసినవాడే. ఎట్లో నిలద్రొక్కుకొని కొరెల్లి రచన నొకదానిని వాయించెను. ఆ బాలుడే పెద్దవాడై ఐర్లండులోని డబ్లిన్ నగరమున ప్రసిద్ధ విద్వాంసుడయ్యెను. 1742లో హాండెల్ రచించిన ‘మెస్సయ్య’ డబ్లినులో తొలిసారి ప్రదర్శింపబడినపుడు వాద్యబృందమునకు ముందు కూర్చుండి నడపినవాడు డుబూర్గే.

ఇంతమంది పెద్దలు ఒక బొగ్గులవాని ఇంటికి పోవుచున్నారనిన లోకము ఊరకుండునా? 1678 ఇంగ్లండులో అనుమానముల సంవత్సరము. రాజును చంపుటకు కుట్ర జరుగుచున్నదని వదంతులు పుట్టి, నిరపరాధులను కూడ ఉరితీసిన కాలమది. ఆ దినములలో పదిమంది ఒకచోట చేరిన చాలు, చెవులు కొఱుకుకొనెడివారు. సంగీతము పైకి చెప్పు మాటయే కాని లోపల రాజద్రోహపు ఆలోచనలు జరుగుచున్నవని కొందఱనిరి. మంత్రతంత్రములు చేయుచున్నారని కొందఱనిరి. బ్రిట్టన్ నాస్తికుడని యొకడు, క్రైస్తవులలో ఫలాని శాఖవాడని యొకడు, కాదు దానికి విరోధమైన శాఖవాడని వేఱొకడు ఎవరి నోటికి వచ్చినది వారనిరి. ఈ నిందలలో ఏ యొక్కటి అధికారుల చెవిని గట్టిగ సోకినను అతని బ్రతుకు తలక్రిందులయ్యెడిది. అతడు మాత్రము తలుపు మూయలేదు. వచ్చినవానిని నీ మతమేది, నీ పక్షమేది యని అడుగలేదు. గురువారము తరువాత గురువారము మెట్లు తెరచియే యుండెను.

నిందలకు కొంత కారణము బ్రిట్టన్ చదివిన పుస్తకములును కావచ్చును. సంగీతముతో తృప్తి చెందక అతడు రసాయనశాస్త్రము నేర్చెను. ఇంట చిన్న ప్రయోగశాల కట్టుకొనెను. దానిని చూచి ముచ్చటపడిన వేల్సు దేశపు పెద్దమనిషి యొకడు అతనిని తన సీమకు పిలుచుకొనిపోయి అట్టిదే కట్టించుకొనెను. పాతపుస్తకములను ఏఱుటయందు బ్రిట్టనుకు మఱింత నేర్పు. చలికాలపు శనివారములలో కొందఱు గొప్ప ప్రభువులు పుస్తకములకై అంగళ్ళు తిరిగి, మధ్యాహ్నమునకు పాటర్‌నోస్టర్ వీథిలోని ఒక పుస్తకాల దుకాణమున కలిసికొనెడివారు. ఆక్స్‌ఫర్డు, పెంబ్రోకు, సండర్లాండు, విన్చిల్సీ ప్రభువులును, డెవన్‌షైరు డ్యూకును వారిలోనివారు. సరిగా ఆ వేళకు బ్రిట్టన్ తన తిరుగుడు ముగించుకొని వచ్చి, గోతమును అంగడికిటికీ గట్టుపై దింపి, నీలిచొక్కాతోనే లోనికి పోయెడివాడు. ఏ ప్రతి అపురూపమైనదో, దేనికి విలువ కలదో చెప్పుటలో అతని మాటను వారు త్రోసివేయలేదు.

ఇంతటి స్నేహములు గలవాడు బొగ్గులమ్ముట ఏల మానలేదు? మనకు ఈ ప్రశ్న కలుగుట సహజము. ఏ ప్రభువునైనను అడిగియుండినచో చిన్న ఉద్యోగము దొరకకపోదు. దాని కతడు ఏమి సమాధానము చెప్పెడివాడో మనకు తెలియదు. కాని ఒకటి ఆలోచింపుడు. ప్రభువు ఆశ్రయమున బ్రతికినచో గురువారము మెట్లపై ఎవరు ముందెక్కవలెనో ఆ ప్రభువే నిర్ణయించును. బొగ్గులు తన సొంతము, గది తన అద్దెది, వాద్యములు తాను కొన్నవి యగుటచేతనే ఆ సభలో అతడు ఎవరికిని తలవంచనక్కఱ లేకపోయెను. ఆ క్రుంగిన కప్పునకు తప్ప.

అతని రూపము మనకు తెలియుట కొక చిత్రము కారణము. వూలాస్టన్ అను చిత్రకారుడు గురువారపు సభకు వచ్చెడివాడు. తానును వాద్యము వాయించెడివాడు. ఒకనాడు వార్విక్ సందులో బ్రిట్టన్ కేక వినబడగా కిటికీనుండి చూచి, సైగచేసి పిలిచి, అతని బొమ్మ వ్రాసెను. చిత్రములో బ్రిట్టన్ దొరల ఉడుపులలో లేడు. నీలిచొక్కాతోడనే యున్నాడు. ఆ చిత్రము పిమ్మట లండనులోని జాతీయ రూపచిత్రశాలకు చేరినది.

అతని మరణకథ వినుటకు కష్టముగ నుండును. సభకు వచ్చువారిలో రోబ్ అను న్యాయాధికారి యొకడు. బ్రిట్టన్ మంత్రగ్రంథములు చదివి, కంటికి కానరాని శక్తులయందు నమ్మకము పెంచుకొనెనని ఎఱిగి, అతనిని భయపెట్టి నవ్వుకొందమని ఈతనికి బుద్ధి పుట్టెను. హనీమన్ అను కమ్మరి పెదవి కదపకయే మాటలాడు విద్యలో దిట్ట. మాట ఎక్కడనో దూరమునుండి వచ్చినట్లు పలుకగలడు. రోబ్ వానిని రహస్యముగ సభకు తెచ్చెను. ఉన్నట్టుండి ఎవ్వరును లేని దిక్కునుండి ఒక గొంతు వినబడెను. ‘నీకు మరణము సమీపించినది, వెంటనే మోకరిల్లి ప్రార్థన చేయుము’ అని దాని సారాంశము. ఆ వృద్ధుడు అప్పటికి డెబ్బదియేండ్లవాడు. అతడు నిజముగనే మోకరిల్లి ప్రార్థించెను. తరువాత ఇంట మంచమెక్కి కొలది దినములలో, 1714 సెప్టెంబరు 27వ తేదీన మరణించెను. ముప్పదియాఱేండ్లు తలుపు తెరచి ఎవరిని పడిన వారిని లోనికి రానిచ్చినవానికి, ఆ లోనికి వచ్చినవారిలో ఒకడు చేసిన వేడుక ఇది.

అక్టోబరు 1వ తేదీన క్లెర్కెన్‌వెల్‌లోని సెయింట్ జేమ్స్ దేవాలయపు ఆవరణమున అతనిని పాతిపెట్టిరి. సభకు వచ్చెడివారు పెక్కుమంది వెంట నడచిరి. భార్యకు అతడు మిగిల్చిన ధనము స్వల్పము. పుస్తకములు, వాద్యములు, వ్రాసికొన్న స్వరములు మాత్రము ఇంటినిండ నుండెను. ఆ యేడాది డిసెంబరులో వాద్యములను, సంగీతపుస్తకములను వేలము వేసిరి. వేలమునకై అచ్చొత్తిన పట్టికలో రూకర్స్ విర్జినల్, చిన్న ఆర్గను, గాంబాలు, ఫిడేళ్ళు, అతడు స్వహస్తముతో ఎత్తి వ్రాసిన రచనలు వరుసగ కలవు. ఈ సభను అతడు తన సొంత ఖర్చుతో నడపెనని ఆ పట్టిక ముఖపత్రముననే ముద్రించిరి. పాటదారులు పిలిచిన ధరలకు అవి నానావైపుల చెదరిపోయెను.

ఆ గుఱ్ఱపుసాల ఇల్లు నేడు లేదు. క్లెర్కెన్‌వెల్‌లో జెరూసలేము సందు అను ఇఱుకుదారి మాత్రము ఇప్పటికిని కలదు. అచ్చటి గోడపై ఒక ఫలకము నాటియున్నారు. సంగీతము నెఱిగిన బొగ్గులవాడు తామస్ బ్రిట్టన్ ఇల్లు ఇచ్చట నుండెనని దానిపై వ్రాసియున్నది.